దొరను మోసిన మనిషి

నేను పాఠం చెప్పే డిగ్రీ రెండో ఏడు పిల్లల ఇంగ్లీషు పుస్తకం మారింది. కొత్త పుస్తకం ఇంటికి తెచ్చి టీపాయ్ మీద పెట్టాను. బాపు కళ్ళద్దాలు పెట్టుకుని, విషయసూచిక మీద వేలు జరుపుతూ పోయి ఒకచోట ఆగిపోయాడు.

"బిడ్డా, గీ కథ మా బడి పుస్తకంల ఉండె!"

ఆయన గొంతులో అంత సంతోషం విని చాలా కాలమైంది. మా అమ్మ పోయాక బాపు ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఆ సాయంత్రం మాత్రం నేను వంట చేస్తుంటే వంటింటి గడపలో కుర్చీ వేసుకుని, ఆ కథలోని మొదటి పేజీని చూడకుండా ఇంగ్లీషులో అప్పజెప్పాడు. రెండుచోట్ల తడబడ్డాడు. పుస్తకం తెరిచి చూసుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.

బాపు చదివింది మిషన్ బడిలో. మావంటి మెథడిస్టు క్రైస్తవ కుటుంబాల పిల్లలకు అప్పట్లో ఆ బడి తప్ప ఇంకో దారి లేదు. అక్కడ నేర్చుకున్న ఇంగ్లీషే ఆయన్ని బోధన్ చక్కెర ఫ్యాక్టరీ టైమాఫీసులో గుమాస్తాను చేసింది. నన్ను ఇంగ్లీషు ఎమ్మే చదివించిందీ ఆ జీతమే. ఇప్పుడు ఫ్యాక్టరీ లేదు. మేం నిజామాబాదులో ఉంటాం. నేను రోజూ బస్సెక్కి బోధన్ పోయి, అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పి వస్తాను. ఒకప్పుడు దారి పొడుగునా చెరకు ఉండేది. ఇప్పుడు ఎక్కడ చూసినా వరే.

కథ రాసినాయన ఇంగ్లీషువాడు. తెల్లవాళ్ళ పాలనలో మన దేశానికి వచ్చి, కొన్నేళ్ళు సర్వే ఉద్యోగం చేసి, తిరిగి తన ఊరికి పోయాక కథలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఈ కథలో కూడా ఒక కుర్ర సర్వే దొర ఉంటాడు. అడవిలో కొలతలు తీస్తుండగా అతనికి విషజ్వరం వస్తుంది. వెంట ఉన్న కూలీలు భయపడి పారిపోతారు. ఒక్కడు మాత్రం మిగులుతాడు. ఆ మనిషి దొరను వీపున ఎక్కించుకుని, అడవి దాటించి, నిండుగా పారుతున్న ఏరు దాటించి, డాక్టరు ఉండే బంగళా మెట్ల మీద దించి, ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. దొర బతుకుతాడు. పెద్ద పదవిలోకి వస్తాడు. ముసలితనంలో ఆ మోసిన మనిషిని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. నన్ను ఎందుకు మోశాడు అని ఆలోచించి, విశ్వాసం ఆ జాతి రక్తంలోనే ఉంది, అటువంటివాళ్ళను వదిలేసి వెళ్ళడం మనకు తగదు అని తేల్చుకుంటాడు.

"గా ఏరు మన గోదారే," అన్నాడు బాపు. "రెంజల్ దాటినంక కందకుర్తి కాడ ఉంటది చూడు, గక్కడనే."

"ఏరు పేరు రాయలేదు కదా బాపూ?"

"రాయకుంటే ఏంది? నాకు తెల్వదా?"

ఆయనకు అది ఎట్లా తెలుసో నేనప్పుడు అడగలేదు.

పాఠం చెప్పడానికి సిద్ధమవుతూ ఆ కథను మూడోసారో నాలుగోసారో చదువుతున్నప్పుడు నాకు అనుమానం మొదలైంది. మొదటిసారి చదివినప్పుడు నాకూ కళ్ళు చెమర్చాయి. నిజం చెప్పాలంటే అందుకే మళ్ళీ చదివాను. నన్ను ఏడిపించిందేమిటని వెతికితే, అది మోసినవాడి కష్టం కాదు. మోయించుకున్నవాడి కన్నీళ్ళు. అదేమిటని పేజీలు వెనక్కి తిప్పాను. దొర గుర్రానికి పేరుంది. దొర కుక్కకు పేరుంది, అది చిన్నప్పుడు ఎట్లా దొరికిందో కూడా ఉంది. వాన ఎట్లా కురిసిందో ఒక పేరా ఉంది. మోసిన మనిషికి పేరు లేదు. ఇల్లు లేదు. ఒక్క మాట లేదు. ఆయన కాళ్ళు, వీపు, చెమట వాసన ఉన్నాయి.

ఈ రచయిత మనవాళ్ళను తిట్టే రకం అయితే నాకింత పని ఉండేది కాదు. ఇదే కథలో కొరడా పట్టుకు తిరిగే ఇంకో అధికారి వస్తాడు. వాడిని రచయిత అసహ్యించుకుంటాడు. దయగల దొర ఒకడు, దయలేని దొర ఒకడు. చదివేవాడు దయగలవాడి పక్షాన నిలబడాలి. అసలు దొరతనమే ఎందుకని అడగడానికి కథలో చోటు లేదు. మంచితనంతోనే రచయిత ఆ తలుపు మూసేశాడని నాకు అనిపించింది. బజారులో దొరికే గైడు మాత్రం, రచయిత జాతిభేదం లేని మానవతావాది, ఇది విశ్వాసానికి అద్దం పట్టే కథ అని రాసి, పరీక్షకు ఆ మాటలే బట్టీ పట్టమంటుంది.

ఈ సంగతి బాపుకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

"మంచిగ రాసినోన్ని గూడ అనుమానిస్తవా?" అన్నాడు.

"మిగతా కూలీలు పారిపోయారు కదా. ఈయన ఒక్కడే ఎందుకు ఉన్నాడు? ఇష్టపడి ఉన్నాడా, పారిపోతే ఊళ్ళో పెండ్లాంపిల్లలను పట్టుకుంటారని ఉన్నాడా? రచయిత ఆ మాట ఎందుకు అడగలేదు?"

"నీకు చదువు ఎక్కువైంది," అని బాపు పుస్తకం మూసి లోపలికి పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో ఆ కథ మాట రాలేదు.

క్లాసులో నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది. రచయిత చెప్పేది పిల్లలకు ఒంటబట్టాలంటే ముందు ఆయన గొంతుతోనే చెప్పాలి. కాబట్టి ఆ రోజు కథ చివరి పేజీని తెలుగులో, ఆ ముసలి దొరే మాట్లాడుతున్నట్టు చెప్పాను. "వీళ్ళ రక్తంలోనే విశ్వాసం ఉంది. మనం లేకపోతే వీళ్ళకు దారి చూపించేది ఎవరు? వీళ్ళు మోయడానికి పుట్టినవాళ్ళు, మనం దారి చెప్పడానికి పుట్టినవాళ్ళం." అప్పుడు పుస్తకం కింద పెట్టి, "ఇదీ ఆయన లెక్క. ఇప్పుడు ఒక్కొక్క మాటను పట్టుకుని అనుమానిద్దాం," అన్నాను. బెల్లు కొట్టేదాకా అదే చేశాం. మంచి క్లాసు. బస్సులో ఇంటికి వస్తుంటే నాకు నేనే ముచ్చటపడ్డాను.

రెండు రోజుల తర్వాత స్టాఫ్ రూములో ఉర్దూ మేడం నా పక్కకు కుర్చీ జరుపుకుని, ఫోనులో ఒక వీడియో పెట్టి చేతికిచ్చింది. ఆమెది బోధన్‌లో తరాలుగా ఉన్న కుటుంబం. నాకన్నా పెద్దది, నేను ఆపా అంటాను.

"గీ గొంతు నీదే గదా?"

నాదే. మనిషి కనిపించడం లేదు, బెంచీ కిందినుంచి తీసినట్టు నేల, చెప్పులు కనిపిస్తున్నాయి. నా గొంతు మాత్రం స్పష్టంగా ఉంది. వీళ్ళు మోయడానికి పుట్టినవాళ్ళు, మనం దారి చెప్పడానికి పుట్టినవాళ్ళం. అక్కడ ఆగిపోయింది. కింద ఎవరో రాశారు, తెల్లవాళ్ళను పొగిడే లెక్చరరమ్మ అని, నా మతం పేరు కూడా పెట్టి.

"ముందు ఏమన్నవో, ఎనుక ఏమన్నవో నువ్వు చెప్పకున్నా నాకు ఎరికే," అంది ఆపా. "కాని మా వాడకట్టు గ్రూపుల గూడ తిరుగుతుంది. ప్రిన్సిపాల్ సాబుకు నువ్వే ముందు చెప్పు. ఆయనకు ఇంకొకలు చెప్పేదాక ఆగకు."

నేను వెళ్ళేసరికే ఆయనకు ఇంకొకరు చెప్పారు. గదిలో ఇద్దరు మనుషులు కూర్చుని ఉన్నారు. ఏదో సంఘం వాళ్ళమన్నారు. పెద్దాయన ఒకడు, ముప్పై దాటని వాడు ఒకడు.

పెద్దాయన మొదటి ప్రశ్న, "మీరు క్రిస్టియన్ గదా మేడం?"

"పాఠం గురించి అడగండి," అన్నాను.

"పాఠం గురించే అడుగుతున్నం. తెల్లోళ్ళంటే మీకు అభిమానం ఉంటది. తప్పు గాదు. కాని పిల్లలకు గది ఎక్కియ్యద్దు గదా."

నేను పుస్తకం తెరిచి, అవి రచయిత మాటలని, వాటిని తప్పుపట్టడానికే చెప్పానని వివరించబోయాను. పెద్దాయన పుస్తకం వంక చూడలేదు. నా చేతివైపు, మెడవైపు చూస్తున్నాడు. సిలువ కోసమేమో. అక్కడ నాకు ఒకటి అర్థమైంది. నేను ఏం చెప్పానన్నది వాళ్ళకు అక్కర్లేదు. నేను ఎవరన్నది ముందే తెలుసు కాబట్టి, నేను ఏం చెప్పి ఉంటానో కూడా వాళ్ళకు తెలుసు. క్షమాపణ చెప్తూ ఒక వీడియో పెట్టమన్నారు. పెట్టనన్నాను.

వాళ్ళు వెళ్ళాక ప్రిన్సిపాల్ నీళ్ళు తాగి, "మీదేం తప్పు లేదు మేడం, నాకు తెలుసు. కాని గీ లొల్లి మనకెందుకు? గైడుల ఉన్నట్టు చెప్పుండ్రి, అయిపోతది," అన్నాడు.

"గైడులో ఆ రచయిత చాలా మంచివాడని ఉంది సార్."

"ఉండనియ్యిండ్రి. దానికి ఎవరు లొల్లి చెయ్యరు."

తెల్లదొరను పొగిడానని నా మీద కోపం. ఆ కోపం చల్లారాలంటే నేను తెల్లదొరను పొగడాలి.

ఆదివారం చర్చి అయ్యాక ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచాడు. ఆయనకు నిజం తెలిసింది. నిజమే ఆయనకు నచ్చలేదు. "నువ్వు క్లాసుల దొరను తిట్టినవంట గదమ్మా. మనకు బడి పెట్టిందెవరు, దవాఖాన పెట్టిందెవరు? నువ్వు గూడ గట్లంటే ఎట్ల?" అన్నాడు. బడి పెట్టినవాళ్ళు వేరు, కొలతలు తీసి కథలు రాసినవాళ్ళు వేరు అన్నాను. ఆయన తల ఊపాడు గాని నమ్మలేదు. ఆ మాట అన్నాక నాకే నమ్మకం కుదరలేదు. నిజంగా వాళ్ళు వేరువేరా? ఆ కథను మా బాపు చేతిలో పెట్టింది ఆ బడే కదా.

ఆ వారమంతా క్లాసులో నేను నేనులా లేను. ఆ వీడియో తీసిందెవరా అని ప్రతి మొహంలోనూ వెతికాను. వెనక బెంచీలో నవ్వితే నా గురించే అనుకున్నాను. ఎవరైనా వంగి పెన్ను తీసుకుంటుంటే మాట మింగేశాను. బోర్డు మీద రాయడానికి వాళ్ళకు వీపు తిప్పాలంటే భయం వేసింది. ఎప్పుడూ ప్రశ్నలు అడిగే అమ్మాయి ఒకతె ఉంది, ఆమె ఏదో అడగబోతే, ఎందుకు అడుగుతున్నట్టు అని అనుమానించి తర్వాత చెప్తానన్నాను. ఆమె మళ్ళీ అడగలేదు.

ఒకరోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తుంటే తట్టింది. ఆ ఫోను పట్టుకున్నవాళ్ళు నాకు చేసిందీ, మోసిన మనిషికి ఆ రచయిత చేసిందీ ఒకటే. ఆయన ఆ మనిషి నోరు కత్తిరించి వీపు ఉంచుకున్నాడు. వీళ్ళు నా ప్రశ్నలు కత్తిరించి గొంతు ఉంచుకున్నారు. మిగిలిన ముక్క చేత తమకు కావలసింది చెప్పించుకున్నారు. ఉన్న మాట ఒక్కటీ మార్చకుండానే. ఇది తట్టాక నాకు కోపం తగ్గలేదు గాని, భయం కొంచెం తగ్గింది.

బాపుకు ఆ వీడియో ముక్కను పక్కింటివాళ్ళు వినిపించారట. నేను చెప్పులు విప్పుతుండగానే అడిగాడు.

"గీ మాటలు నువ్వన్నవా?"

"ఆయన మాటలు నేను చెప్పాను బాపూ. ఆ కథలోవే. నువ్వు ఇన్నేళ్ళుగా గుర్తుపెట్టుకున్నవే."

నేను చాయ్ పెట్టి తెచ్చాను. బాపు గ్లాసు పట్టుకుని, "ఇంగ్లీషుల చదివితే గంత చెడ్డగ అనిపియ్యలే," అన్నాడు. "నీ నోట్లకెల్లి తెలుగుల ఇంటే చెంప మీద కొట్టినట్టయింది."

తర్వాత ఆయన తన తాత గురించి, పేరుతో సహా చెప్పాడు. నాకు తెలియని మనిషి. నిజాం సర్కారు కాలంలో మావాళ్ళది గోదావరి ఒడ్డు పల్లె. అధికారి ఎవరు వచ్చినా సామాను మోయడం, అవసరమైతే మనిషినే మోయడం మా కులపోళ్ళ వెట్టి. పట్వారి మనిషి వచ్చి పిలిస్తే ముద్ద నోటికాడ ఉన్నా లేచిపోవాలి. కూలి లేదు.

"మా తాత పిల్లలను ఎత్తుకునేటోడు, ఆడిచ్చేటోడు. కాని వీపు ఎక్కనిచ్చేటోడు కాదు. మేము సరదాకు ఎనుకకెల్లి ఎక్కితే, దిగు అని ఒక్కటే మాట. అంత మంచోడు గట్లెందుకు అంటడో నాకు తెల్వకపోయేది. మా అవ్వ చెప్పింది."

వానకాలంలో ఒకసారి ఒక అధికారి ఏరు దాటాల్సి వచ్చింది. పడవ లేదు. తాతను పిలిపించారు. ఆయన ఆ మనిషిని భుజాల మీద కూర్చోబెట్టుకుని, మెడ దాకా నీళ్ళలో నడిచి అవతల ఒడ్డున దించాడు. వెంటనే వరద ఇంకా పెరిగింది. తిరిగి రాలేక, ఎవరూ ఉండమనక, అవతలి ఒడ్డున చెట్ల కింద పడి ఉన్నాడు. ఇవతల ఊళ్ళో ఆయన కొట్టుకుపోయాడనుకున్నారు. వరద తగ్గాక ఆయన ఇంటికి వచ్చేసరికి ఇంటిముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. భార్య గాజులు పగలగొట్టేశారు. ఆయన తన శోకంలోకి తానే నడిచి వచ్చాడు.

"ఆ అధికారి తెల్లోడా బాపూ?"

"ఏమో. తెల్లోడో, నిజాం మనిషో. మా తాతను అడిగితే, బరువుండె అన్నడంట. గంతే."

"ఇన్నేళ్ళు నాకెందుకు చెప్పలేదు?"

బాపు గ్లాసు కింద పెట్టాడు. "బడిల గీ కథ చదివినప్పుడు నేను మా తాతనే అనుకున్న. పుస్తకంల, అదీ ఇంగ్లీషు పుస్తకంల, మా తాత లెక్క మనిషి ఉన్నడని మస్తు సంబురపడ్డ. ఇంక ఏ పుస్తకంల గా మనిషి లేడు. ఇష్టంతోని మోసిండని రాస్తే, గట్లనే అనుకుంటే మంచిగుంటది గదా అనుకున్న."

దీన్ని కూడా నేను అనుమానించాను. నా మాటలు విని బాపు తన జ్ఞాపకాన్ని సర్దుకున్నాడేమో, గోదావరి కథను ఆ కథకు అతికించాడేమో అనిపించింది. కానీ గాజుల మాట చెప్తున్నప్పుడు ఆయన నావైపు చూడలేదు. అంతకు మించి నా దగ్గర రుజువు లేదు.

"క్లాసులో చెప్పనా?" అన్నాను.

"చెప్పు. మనోడని చెప్పకు. ఎవరో ఒకడని చెప్పు."

మర్నాడు ప్రిన్సిపాల్‌తో, ఆ పాఠాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్తానని, కావాలంటే వచ్చి కూర్చోమని అన్నాను. ఆయన ఒద్దంటాడనుకున్నాను. కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించి, వస్తానన్నాడు. వచ్చి చివరి బెంచీలో పిల్లల పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. ప్రిన్సిపాలే పిలిపించాడో, తానే వచ్చాడో, ఆ రోజు గదిలో ఉన్న సంఘం మనుషులిద్దరిలో చిన్నవాడు వరండాలో స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అందరూ ఫోన్లు తీసి బల్ల మీద పెట్టండి," అన్నాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "రికార్డు చెయ్యండి. బెల్లు కొట్టేదాకా ఆపొద్దు."

కథ చెప్పాను. ముసలి దొర మాటలు మళ్ళీ ఆయన గొంతుతోనే చెప్పాను. తర్వాత అడిగాను, ఈ కథలో ఎవరెవరికి పేర్లున్నాయని. దొర పేరు చెప్పారు. డాక్టరు పేరు చెప్పారు. గుర్రం, కుక్క కూడా చెప్పారు. ఆ తర్వాత పుస్తకం తిప్పుతూ వెతికారు. ఇంకో పేరు దొరకలేదు. అప్పుడు మన జిల్లాలోనే గోదావరి దాటించిన ఒక మనిషి ఉన్నాడని, ఏరు, వరద, గాజులు అన్నీ చెప్పాను. బాపు చెప్పినట్టే, ఎవరో ఒకడన్నట్టు.

నేను తర్వాత చెప్తానని నోరు మూయించిన అమ్మాయి లేచింది. "మేడం, ఆయన పేరేంది?"

దొర కథలో పేరు లేదని ఇంత చెప్పి, నేనూ పేరు లేకుండానే చెప్పాను. ఆ రచయితా ఎవరో ఒకడనే కదా రాసింది. చివరి బెంచీలో ప్రిన్సిపాల్ నన్నే చూస్తున్నాడు. వరండాలో ఉన్నవాడు కూడా.

"ఆయన మా బాపు వాళ్ళ తాత," అని, ఆయన పేరు చెప్పాను. బోర్డు వైపు తిరిగి ఆ పేరు రాశాను.

క్లాసు అయ్యాక వరండాలో ఉన్నవాడు నా దగ్గరికి వచ్చి, "మా తాత గూడ మోసేటోడు మేడం. మా ఊరి దొర గడిల," అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. అది క్షమాపణో, మాట కలపడమో, నన్ను ఇంకోరకంగా పరీక్షించడమో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి, పేరు చెప్పేశానని బాపుకు చెప్పాను. కోపగిస్తాడనుకున్నాను. "బోర్డు మీద రాసినవా?" అన్నాడు. రాశానన్నాను. "తప్పుల్లేకుంట రాసినవా?" అని అడిగి, ఆ పేరును అక్షరం అక్షరం నా చేత చెప్పించుకున్నాడు.

పూర్తి రికార్డింగును పిల్లలు కొందరు పెట్టారు. పెద్దగా ఎవరూ చూడలేదు. అంత పొడుగున్నది ఎవరు చూస్తారు? పాత ముక్క మాత్రం ఇంకొన్నాళ్ళు తిరిగి, దాని మీదికి ఇంకో గొడవ రావడంతో మరుగునపడింది. దాన్ని తీసిందెవరో తెలియలేదు. వెతకడం మానేశాను. పరీక్షల్లో ఎక్కువమంది గైడులో ఉన్నదే రాశారు, రచయిత మానవతావాది అని. పేరు అడిగిన అమ్మాయి ఏం రాసిందో నాకు చెప్పలేదు.

ఈ ఏడు మళ్ళీ అదే పాఠం వచ్చింది. చెప్తున్నాను. కానీ ముసలి దొర గొంతుతో చెప్పేటప్పుడు ప్రతి రెండు వాక్యాలకూ "అని ఆయన అంటున్నాడు" అని కలుపుతున్నానని మొన్ననే గమనించాను. అట్లా చెప్తే ముక్క కత్తిరించినా నా మీదికి రాదు గాని, ఆయన మాటలోని తియ్యదనం పిల్లలకు తెలియడం లేదు. తియ్యదనం తెలియకపోతే అనుమానించడానికి ఏం మిగులుతుంది? నాకు నష్టం రాకుండా చూసుకుంటూ ఆ రచయితనే అనుమానం నుంచి కాపాడుతున్నానేమో అనిపించింది. రేపటి క్లాసులో ఆ "అంటున్నాడు" తీసేయాలనుకుంటున్నాను. తీసేస్తానో లేదో ఇంకా తెలియదు.